మినీ ఆర్‌సీ కారు అప్‌గ్రేడ్స్: ముందు మోటార్ కాదు, ముందు టైర్లు

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జరిగిన ఆదివారం రేసులో నేను ఐదో స్థానంలో వచ్చాను. ఆడింది ఐదుగురమే.

నా ముందు నాలుగో స్థానంలో వచ్చింది మా పిన్ని కొడుకు చింటూ. వయసు 13. ఇద్దరివీ ఒకే మోడల్ కార్లు. డల్లాస్‌లో ఉండే మా బావ దసరాకి వచ్చినప్పుడు వాడికొకటి, నాకొకటి తెచ్చాడు. వాడి కారు బాక్స్‌లోంచి తీసింది తీసినట్టే ఉంది, ఒక్క స్క్రూ కూడా మారలేదు. నా కారులో మాత్రం కొత్త మోటార్, బాల్ బేరింగ్‌లు, బాల్ డిఫరెన్షియల్, మెత్తని టి-ప్లేట్, కొత్త టైర్లు ఉన్నాయి. షిప్పింగ్‌తో కలిపి పార్ట్స్ ఖర్చు దాదాపు కారు ధరకి దగ్గరకొచ్చింది.

ఓడిపోతే ఏముంది, ఆ పూట బిర్యానీ బిల్లు నాది, అంతే. అసలు చిక్కు సాయంత్రం వచ్చింది. చింటూ ఫోన్ చేశాడు. "అన్నా, నీ కారులో ఉన్న మోటార్ లింక్ పంపవా? నాన్నని అడుగుతా."

"నువ్వే నన్ను ఓడించావు కదరా, మళ్లీ నా మోటార్ నీకెందుకు?" అన్నాను.

"స్ట్రెయిట్‌లో నీది రయ్‌మని పోతుందన్నా!"

బాబాయికి ఉప్పల్‌లో బైక్ మెకానిక్ షెడ్ ఉంది. ఆ మోటార్ డబ్బులు ఆయన ఎన్ని బండ్లు సర్వీసింగ్ చేస్తే వస్తాయో నాకు తెలుసు. లింక్ పంపడం ఒక్క సెకను పని. కానీ "ఇది వేస్తే నిజంగా ఫాస్ట్ అవుతుందా?" అని వాడు తిరిగి అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ ఐదు పార్ట్స్‌నీ నేను ఒకే రాత్రి కూర్చుని బిగించేశాను. ఒకే రిలీజ్‌లో ఐదు ఫీచర్లు పెట్టేసి, ప్రొడక్షన్‌లో బగ్ వచ్చాక ఎక్కడుందో తెలియక తల పట్టుకోవడం అన్నమాట. ఆఫీసులో ఎవరైనా ఇలా చేస్తే కోడ్ రివ్యూలో నేనే ముందు తిడతాను.

అందుకే పార్ట్స్ అన్నీ విప్పేసి, కారుని మళ్లీ స్టాక్‌కి తెచ్చి, ఒక్కోటీ పెడుతూ మూడు ఆదివారాలు టెస్ట్ చేశాను. ఈ ఆర్టికల్ ఆ లెక్కే.

ముందు కారు సంగతి

మావి క్యోషో మినీ-జెడ్ కార్లు, ఎంఆర్-03 చాసిస్, రియర్ వీల్ డ్రైవ్. క్యోషో 1963లో మొదలైన జపాన్ కంపెనీ. మినీ-జెడ్ సిరీస్ 1999 నుంచి నడుస్తోంది. స్కేల్ 1/28, అంటే నాలుగున్నర మీటర్ల అసలు కారు ఇక్కడ 16 సెంటీమీటర్లు అవుతుంది. అరచేతిలో పడుతుంది. నాలుగు ట్రిపుల్-ఎ సెల్స్‌తో నడుస్తుంది. ఇదే సైజులో డబ్ల్యూఎల్‌టాయ్స్ కె969 లాంటి ఫోర్ వీల్ డ్రైవ్ కార్లు కూడా ఉన్నాయి. వాటికి 7.4 వోల్ట్ లిపో బ్యాటరీ వస్తుంది. పార్ట్స్ పేర్లు కొన్ని తేడా అయినా, కింద చెప్పే లాజిక్ రెండింటికీ ఒకటే.

ట్రాక్ కోసం పిల్లలు ఆడుకునే ఫోమ్ మ్యాట్‌లు వాడాం. ఒకదానికొకటి తగిలించే 60 సెంటీమీటర్ల ముక్కలు 28 తీసుకుని 7×4గా పరిచాం. 4.2 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల వెడల్పు వచ్చింది. బోర్డర్లకి వైరింగ్ కేసింగ్ పట్టీలు.

టెస్ట్ ఎలా చేశానంటే

ఫోన్‌ని ట్రైపాడ్ మీద పెట్టి, ఫినిష్ లైన్ కనిపించేలా 60 ఎఫ్‌పీఎస్‌లో వీడియో తీశాను. తర్వాత ఫ్రేమ్ బై ఫ్రేమ్ చూసి టైమ్ రాసుకున్నాను. ఒక ఫ్రేమ్ అంటే సెకనులో 60వ వంతు. మనకి ఈ ఖచ్చితత్వం చాలు. చేత్తో స్టాప్‌వాచ్ నొక్కితే అంతకంటే ఎక్కువ తప్పు వస్తుంది.

ఒక్కో మార్పుకి 20 ల్యాప్‌లు. ప్రతిసారీ ఫుల్ ఛార్జ్ సెల్స్. బెస్ట్ ల్యాప్ కాదు, సగటు చూశాను. గోడకి గుద్దుకున్న ల్యాప్‌ని కూడా లెక్కలోంచి తీయలేదు. రేసులో దాన్ని ఎవరూ తీసేయరు కదా.

స్టాక్ కారు: సగటు 8.4 సెకన్లు, 5 సార్లు గుద్దాను.

1. టైర్లు: సగటు 7.9, గుద్దింది 2 సార్లు

అన్నిటికన్నా పెద్ద తేడా ఇక్కడే. ఈ టైర్ల మీద డిగ్రీల్లో ఒక నంబర్ ఉంటుంది. నంబర్ తగ్గేకొద్దీ రబ్బర్ మెత్తన, గ్రిప్ ఎక్కువ. రియర్ వీల్ డ్రైవ్ కారుకి వెనక మెత్తనివి, ముందు కాస్త గట్టివి వేయాలి. ముందు గ్రిప్ ఎక్కువై వెనక తక్కువైతే టర్నింగ్‌లో కారు తోక తిప్పేసి గిర్రున తిరుగుతుంది. అలాగని నాలుగు వైపులా మెత్తనివి వేసినా ప్రమాదమే. ఫోమ్ మీద గ్రిప్ మరీ ఎక్కువైతే కారు జారకుండా బోల్తా కొడుతుంది.

ఇంకో రెండు చిన్న పనులు. ఒకటి, టైర్‌ని రిమ్ మీద ఊరికే ఎక్కించి వదలకుండా, మధ్యలో సన్నని డబుల్ సైడ్ టేప్ వేయండి. లేదంటే స్పీడ్‌లో టైర్ రిమ్ మీద కదులుతుంది. రెండు, ప్రతి రన్‌కి ముందు టైర్ తుడవండి. మా సెల్లార్ దుమ్ముకి పది ల్యాప్‌లకే టైర్ బూడిద రంగుకి తిరుగుతోంది. అప్పుడు ఎంత ఖరీదైన టైరైనా జారుతుంది. తడిగుడ్డ చాలు, పైసా ఖర్చు లేదు.

2. బాల్ బేరింగ్‌లు: సగటు 7.8, గుద్దింది 2

ఇలాంటి రెడీమేడ్ కార్లలో చక్రాల దగ్గర చాలావరకు మామూలు బుష్‌లే వస్తాయి. వాటి స్థానంలో బాల్ బేరింగ్‌లు వేస్తే రాపిడి తగ్గుతుంది. ల్యాప్ టైమ్‌లో తేడా కొంచెమే. కానీ కారు తేలిగ్గా దొర్లుతుంది కాబట్టి మోటార్ మీద భారం తగ్గుతుంది. ఒకసారి వేస్తే చాలాకాలం ఉంటాయి. డబ్బు వృథా అనిపించదు.

3. టి-ప్లేట్: సగటు 7.7, గుద్దింది 2

మోటార్ ఉండే వెనక భాగాన్ని, ముందు చాసిస్‌ని కలిపే పల్చటి పట్టీ ఇది. రియర్ సస్పెన్షన్ పని చాలావరకు ఇదే చేస్తుంది. మెత్తనిది వేస్తే వెనక గ్రిప్ పెరుగుతుంది, గట్టిది వేస్తే కారు చురుగ్గా తిరుగుతుంది. మా మ్యాట్‌ల జాయింట్లు కాస్త ఎగుడుదిగుడు కాబట్టి మెత్తనిదే కలిసొచ్చింది. నున్నటి ట్రాక్ అయితే ఫలితం వేరేగా ఉండొచ్చు.

4. బాల్ డిఫరెన్షియల్: సగటు 7.5, గుద్దింది 1

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలి చక్రం తక్కువ. ఆ తేడాని సర్దేది డిఫరెన్షియల్. బాల్ డిఫ్‌లో ఉన్న సౌకర్యం ఏంటంటే, ఎంత బిగువు కావాలో మనమే పెట్టుకోవచ్చు. నేను చేసిన తప్పు కూడా ఇక్కడే దొరికింది. మొదటిసారి బిగించినప్పుడు బలం కొద్దీ బిగించేశాను. కారు మలుపులో తిరగనంది, ముక్కు నేరుగా గోడకే. ఈసారి కొద్దికొద్దిగా వదులు చేస్తూ పోయాను. చక్రాలు సాఫీగా ఎదురెదురుగా తిరుగుతూ, మోటార్ లాగినప్పుడు మాత్రం జారకుండా ఉన్న దగ్గర ఆపాను. పార్ట్ అదే, సెట్టింగ్ మారింది. రేసులో నన్ను ముంచినవాటిలో ఇదొకటి.

5. మోటార్: బెస్ట్ ల్యాప్ 6.8, సగటు 8.3, గుద్దింది 7

ఈ రెండు నంబర్లూ పక్కపక్కన చూడండి. మూడు వారాల్లో నా బెస్ట్ ల్యాప్ ఇదే. సగటు మాత్రం దాదాపు స్టాక్ కారుతో సమానం. స్ట్రెయిట్‌లో రయ్‌మనే మాట నిజమే. ఆ స్ట్రెయిట్ నాలుగు మీటర్లు కూడా లేదు, దాని చివర గోడ ఉంది! చింటూ చూసింది ఆ స్ట్రెయిట్‌ని. వాడు నన్ను దాటింది మలుపుల్లో.

తర్వాత మోటార్ షాఫ్ట్ మీదుండే చిన్న గేర్, అంటే పినియన్ మార్చాను. లెక్క సింపుల్: పెద్ద గేర్ పళ్లని పినియన్ పళ్లతో భాగించాలి. ఉదాహరణకి 44 పళ్ల గేర్‌కి 8 పళ్ల పినియన్ అయితే 5.5, అదే 6 పళ్లదైతే 7.3. ఈ నంబర్ పెరిగితే టాప్ స్పీడ్ తగ్గుతుంది, థ్రాటిల్ చేతికి లొంగుతుంది. నేను రెండు పళ్లు తగ్గించాక సగటు 7.5కి వచ్చింది, గుద్దింది 2. అంటే స్టాక్ మోటార్‌తో వచ్చిన టైమే! పెట్టిన డబ్బుకి మిగిలింది సున్నా.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. పినియన్ కొనేటప్పుడు పళ్ల సంఖ్య ఒక్కటే కాదు, పిచ్ కూడా మీ పెద్ద గేర్‌తో కలవాలి. 48 పిచ్, 64 పిచ్ కలిపి వాడితే పళ్లు అరిగిపోతాయి. రెండోది, ఎక్కువ కరెంట్ లాగే మోటార్‌ని స్టాక్ బోర్డు తట్టుకుంటుందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే బోర్డు మీద ఉండే ఫెట్‌లు కాలిపోవచ్చు, అప్పుడు మోటార్ ఖర్చుకి బోర్డు ఖర్చు తోడవుతుంది.

అసలు ట్విస్ట్

మూడో వారం చివర ఒక అనుమానం వచ్చింది. ఇన్ని ల్యాప్‌లు తిప్పాక నా చెయ్యి కూడా కుదిరి ఉంటుంది కదా? ఇందులో పార్ట్స్ గొప్పెంత, ప్రాక్టీస్ గొప్పెంత? అన్నీ విప్పి మళ్లీ స్టాక్ కారుతో 20 ల్యాప్‌లు కొట్టాను. సగటు 8.1, గుద్దింది 4.

అంటే 8.4 నుంచి 7.5 దాకా తగ్గిన 0.9 సెకన్లలో 0.3 నాది. మూడో వంతు. బేరింగ్‌లు, టి-ప్లేట్ చెరో 0.1 ఇస్తే, ఆ రెండూ కలిపినా ఉత్త ప్రాక్టీస్ ఇచ్చినంత ఇవ్వలేదు. ఇది ఏ షాపులోనూ దొరకదు కాబట్టి ఎవరూ యాడ్ వేయరు.

ఏ ఆర్డర్‌లో కొనాలి?

* సెల్స్, ఛార్జర్: రీఛార్జబుల్ ఎన్‌ఐఎంహెచ్ సెల్స్ తీసుకోండి. లేబుల్ మీద 1.2 వోల్ట్ చూసి 1.5 వోల్ట్ ఆల్కలైన్ బెటర్ అనుకోకండి. కారు ఒక్కసారిగా కరెంట్ లాగినప్పుడు ఆల్కలైన్ వోల్టేజ్ పడిపోతుంది, ఎన్‌ఐఎంహెచ్ నిలబడుతుంది. ఆల్కలైన్ సెల్స్‌ని ఎప్పుడూ ఛార్జ్ చేయొద్దు.
* వెనక టైర్లు, టేప్: పెట్టిన ప్రతి రూపాయికీ ఎక్కువ ఫలితం ఇక్కడే.
* ట్రాన్స్‌మిటర్ సెట్టింగ్‌లు: ఫ్రీ. స్టీరింగ్ ట్రిమ్ సరిచేసి కారు తిన్నగా పోయేలా చూడండి. డ్యుయల్ రేట్ ఉంటే స్టీరింగ్ కొంచెం తగ్గించి చూడండి, కొత్తవాళ్లకి చాలా హెల్ప్ అవుతుంది.
* బేరింగ్‌లు, తర్వాత టి-ప్లేట్, ఆపైన బాల్ డిఫ్: ఒక్కొక్కటిగా, ప్రతిసారీ టైమ్ చూసుకుంటూ.
* మోటార్: అన్నిటికన్నా ఆఖరున. పెద్ద ట్రాక్ ఉంటేనే.

లిపో బ్యాటరీ కార్లున్నవాళ్లకి ఒక్క మాట. లిపో ఛార్జరే వాడండి. ఒక్కో సెల్ 4.2 వోల్ట్‌లు దాటకూడదు, 3 వోల్ట్‌ల కిందకి దించకూడదు. ఉబ్బిన ప్యాక్‌ని మళ్లీ ఛార్జ్‌కి పెట్టొద్దు. రాత్రి ఛార్జ్‌లో పెట్టి పడుకోవద్దు, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో.

లింక్ పంపానా?

పంపాను, కానీ వెనక టైర్లది. ఆ షీట్ తీసుకుని ఉప్పల్ వెళ్లి చింటూకి చూపించాను. వాడు మొహం మాడ్చుకున్నాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చిన బాబాయ్ ఫోన్‌లో నంబర్లు ఒకసారి చూసి, "టైరు జారుతుంటే ఇంజన్ ఎంత పెద్దదుంటే ఏందిరా? గిది నన్నడిగితే అప్పుడే చెప్తుంటి గదా" అన్నారు. మూడు ఆదివారాలు, 160 ల్యాప్‌లు. ఆయన పాతికేళ్లుగా రోజూ కస్టమర్లకి చెప్పే మాటే అది.

చింటూతో ఒక ఒప్పందం చేసుకున్నాను. గోడకి తగలకుండా వరసగా 20 ల్యాప్‌లు కొడితే నా మోటార్ వాడికే ఇచ్చేస్తాను, బాబాయ్ రూపాయి కూడా పెట్టక్కర్లేదు. మొన్న ఆదివారం 14 దాకా వచ్చాడు. అదే రోజు రేసులో నేను మూడో స్థానం, స్టాక్ మోటార్‌తో.

వాడు రెండో స్థానం.