నార్కో పెడితే చెప్పేస్తాడా?

పెద్ద నేరం జరిగి పది రోజులైనా నిందితుడు దొరక్కపోతే నందిగామ సెంటర్లో టీ కొట్టు దగ్గర వినపడే తీర్పు ఒకటే. "నార్కో పెడితే గడగడా చెప్పేస్తాడు. ఈ నాన్చుడు దేనికి?" జగ్గయ్యపేట బస్టాండులో కదిపినా ఇదే మాట. పత్తికి ఏ పురుగు పడితే ఏ మందు కొట్టాలో చెప్పినంత ధీమాగా చెబుతారు. సినిమాలు చూసి అంటున్నారులే అని తీసిపారేయడానికి లేదు. ఈ మెట్ట ప్రాంతంలో ఆ మాట పాతుకుపోవడం వెనక ఒక కేసు ఉంది.

2007 డిసెంబర్ 27 తెల్లవారుజామున ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్లో బీఫార్మసీ విద్యార్థిని అత్యాచారానికి, హత్యకు గురైంది. బాధితురాలి పేరు రాయకూడదని చట్టం చెబుతోంది కాబట్టి రాయడం లేదు. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ ప్రాంతపు కుర్రాణ్ని అరెస్టు చేశారు. 2010 సెప్టెంబర్ 29న విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు అతనికి 14 ఏళ్ల జైలుశిక్ష వేసింది. 2017 మార్చి 31న హైదరాబాద్ హైకోర్టులో జస్టిస్ సి.వి. నాగార్జునరెడ్డి, జస్టిస్ ఎం.ఎస్.కె. జైశ్వాల్ ధర్మాసనం ఆ శిక్షను కొట్టేసింది. అతనికి లక్ష రూపాయలు చెల్లించమంది. దర్యాప్తు చేసిన పోలీసుల తీరును తూర్పారబట్టింది. 2018లో హైకోర్టే ఆ కేసును సీబీఐకి అప్పగించింది. అతని పేరు జిల్లా అంతటికీ తెలుసు. హైకోర్టు నిర్దోషి అన్న మనిషి పేరును ఇంకోసారి అచ్చువేయడం మాత్రం నాకు ఇష్టం లేదు.

ఈ కేసు గురించి మాట్లాడుకున్నప్పుడల్లా "ఫలానా వాళ్లకు నార్కో పెట్టండి" అన్న డిమాండ్ ఎవరో ఒకరి నోట వస్తూనే ఉంది. హాస్టల్ గదిని ఎలా భద్రపరిచారు, నమూనాలు ఎలా తీశారు, ఎవరి చేతులు మారాయి అని అడగాల్సిన చోట మత్తుమందు గురించి అడిగాం. మన ఆశ అంతా సిరంజి మీదే.

ఇంతకీ ఆ సిరంజిలో ఏముంటుంది? సోడియం పెంటోథాల్. ఆపరేషన్ ముందు మత్తు డాక్టర్లు వాడిన మందే. మనిషిని బల్లమీద పడుకోబెట్టి, గుండె కొట్టుకోవడం చూసే మానిటర్ తగిలించి, సెలైన్ గొట్టంలోంచి కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. పూర్తిగా నిద్రపోనివ్వరు, పూర్తిగా మెలకువగానూ ఉంచరు. నాలుక మందమవుతుంది. ఆ స్థితిలో ప్రశ్నలు అడిగి వీడియో తీస్తారు. ఈ తరహా ప్రయోగం మొదలైంది 1922లో, అమెరికాలోని టెక్సస్‌లో. రాబర్ట్ హౌస్ అనే కాన్పుల డాక్టరు స్కోపొలమైన్ మందు ఇచ్చిన బాలింతలు మత్తులోనూ ప్రశ్నలకు జవాబివ్వడం గమనించి, దాన్ని డాలస్ జైల్లో ఖైదీల మీద వాడి చూశాడు.

మందు చేసే పని సంకోచాన్ని సడలించడం. అంతవరకే. సంకోచం సడలిన మనిషి నిజమే చెప్పాలని ఎక్కడా లేదు. ఊహలు చెబుతాడు, భయాలు చెబుతాడు, అన్నిటికంటే ముఖ్యంగా అడిగేవాడు ఏ జవాబు కోరుతున్నాడో పసిగట్టి అదే చెబుతాడు. "నువ్వు గోడ దూకావా?" అని నాలుగుసార్లు అడిగితే అయిదోసారికి గోడ దూకినట్టే చెప్పే అవకాశం ఉంది.

మక్కా మసీదు పేలుడు 2007 మే 18న జరిగింది. ఆ తర్వాత పట్టుకెళ్లిన హైదరాబాద్ యువకుల్లో కొందరిని బెంగళూరు తీసుకెళ్లి నార్కో చేశారు. తర్వాత కోర్టులు వాళ్లను విడిచిపెట్టాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించింది. పరీక్ష వాళ్ల దగ్గర్నుంచి ఏ నిజాన్ని బయటికి తీసిందో ఎవరూ చెప్పలేదు.

మత్తుమందుకు తర్వాతి మెట్టు బ్రెయిన్ మ్యాపింగ్. దీంట్లో సూది ఉండదు, దెబ్బ ఉండదు, అందుకే ఇది మరీ ప్రమాదకరం అంటాను. తలకు ముప్పై పైచిలుకు ఎలక్ట్రోడ్లున్న టోపీ పెడతారు. మనిషి కళ్లు మూసుకుని కూర్చుంటాడు. స్పీకర్లోంచి వాక్యాలు ఒక్కొక్కటే వినిపిస్తారు. అవన్నీ 'నేను' అన్నట్టే ఉంటాయి: నేను తలుపు తీశాను, నేను కర్ర తీసుకున్నాను. అతను అవుననక్కర్లేదు, కాదనక్కర్లేదు. తెలిసిన విషయం తగిలినప్పుడు మెదడులో దాదాపు 300 మిల్లీసెకన్లకు ఒక తరంగం లేస్తుందన్నది 1990ల నుంచి అమెరికాలో లారెన్స్ ఫార్వెల్ ప్రచారం చేసిన పద్ధతికి మూలం. మన దేశంలో బెంగళూరు నిమ్‌హాన్స్‌లో పనిచేసిన చంపాడి రామన్ ముకుందన్ ఇంకో అడుగు ముందుకేశారు. విషయం తెలిసినవాణ్నీ, స్వయంగా అనుభవించినవాణ్నీ తన పద్ధతి వేరుచేసి చూపిస్తుందన్నారు.

2008 జూన్‌లో పుణె కోర్టు ఒక హత్య కేసులో ఈ పరీక్షను కూడా ఆధారంగా తీసుకుని ఒక యువతికి యావజ్జీవం వేసింది. ప్రపంచంలోని మెదడు శాస్త్రవేత్తలు ఉలిక్కిపడ్డారు. తర్వాత బొంబాయి హైకోర్టు ఆమెకు బెయిలిచ్చింది. అదే ఏడాది నిమ్‌హాన్స్ డైరెక్టర్ డి. నాగరాజ అధ్యక్షతన కేంద్రం వేసిన నిపుణుల కమిటీ, బ్రెయిన్ మ్యాపింగ్‌కు శాస్త్రీయ పునాది సరిగా లేదనీ, దర్యాప్తులో వాడటం ఆపాలనీ చెప్పింది. ఈ పద్ధతికి బీజం పడిన సంస్థ పెద్దే ఆ మాట అన్నారు.

మన కేసుకు అన్వయించి చూడండి. హాస్టల్ ఎటు తిరిగి ఉందో, మెట్లు ఎక్కడున్నాయో, గదిలో ఏం దొరికిందో జిల్లా ఎడిషన్లు బొమ్మలతో సహా అచ్చువేశాయి. టీవీలు నెలల తరబడి చూపించాయి. ఇక స్టేషన్లో కూర్చోబెట్టి ప్రశ్నలడిగిన అనుమానితుడికి మిగతావీ తెలిసిపోతాయి. అలాంటి మనిషి తలకు టోపీ పెడితే తరంగం లేవకుండా ఎలా ఉంటుంది? ఆ మాటకొస్తే నా తలకు పెట్టినా లేస్తుంది.

ఇక చట్టం సంగతి. రాజ్యాంగంలోని 20(3) అధికరణం ప్రకారం నిందితుణ్ని తనమీద తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు. మరి వేలిముద్రలు తీసుకుంటున్నారుగా? 1961లో 11 మంది జడ్జీల ధర్మాసనం కాఠీ కాలు ఓఘడ్ కేసులో గీత గీసింది. వేలిముద్ర, చేతిరాత శరీరానికి సంబంధించినవి, వాటిని తీసుకోవచ్చు. మనసులో ఉన్న విషయాన్ని బయటపెట్టించడం వేరు. అర్ధశతాబ్దం తర్వాత ఈ యంత్రం వచ్చి ఆ గీతను చెరిపేసింది. నోరు విప్పని మనిషి మెదడులో లేచిన తరంగం వేలిముద్రా, సాక్ష్యమా?

2010 మే 5న సెల్వి కేసులో ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్, జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్, జస్టిస్ జె.ఎం. పంచాల్ ధర్మాసనం దానికి జవాబిచ్చింది. మాట లేకపోయినా అది సాక్ష్యమే. అందువల్ల నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ మూడింటినీ మనిషి ఒప్పుకోకుండా చేయకూడదు. చేస్తే 21వ అధికరణం కాపాడే వ్యక్తి స్వేచ్ఛకూ భంగమే. మన సుప్రీంకోర్టు మెదడు గురించి ఇచ్చిన తీర్పుల్లో ఇంత దూరదృష్టి ఉన్నది ఇంకొకటి నాకు కనపడదు.

కానీ ఒక తలుపు తెరిచి పెట్టింది. ఇష్టపడితే చేయించుకోవచ్చు. ఆ జవాబులు నేరుగా సాక్ష్యం కావు గానీ, వాటివల్ల బయటపడ్డ వస్తువు ఏదైనా ఉంటే అది కోర్టుకు వెళ్లొచ్చు. నా పేచీ ఈ 'ఇష్టం' దగ్గరే. మిరప కోతకు పోయి బతికే మనిషి, రెండు రాత్రులు స్టేషన్ బెంచీ మీద గడిపాక, చుట్టూ నలుగురు నిలబడి "తప్పు చేయకపోతే భయమెందుకురా, సంతకం పెట్టు" అంటే పెట్టిన సంతకం ఇష్టమవుతుందా? కాదంటే ఊళ్లో దొంగ, అవునంటే బల్లమీద. పూర్వం దివ్యాలని నిప్పు పట్టించేవాళ్లు. ఇప్పటికీ తగాదా తేలకపోతే కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్యమంటారు. అక్కడా రానన్నవాడే దోషి. టోపీ మారింది, తంతు అదే.

అందుకే 2025 జూన్ 9న అమ్లేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ముఖ్యం. బెయిలు విచారణలో, నిందితులందరికీ నార్కో చేస్తామన్న పోలీసుల మాటను పట్నా హైకోర్టు ఆమోదించింది. సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టింది. నాకు నార్కో పెట్టి తీరాలని అడిగే తిరుగులేని హక్కు నిందితుడికీ లేదంది.

మెదడు శాస్త్రం కోర్టు గుమ్మం తొక్కేది ఈ దారిలోనే కాదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం 16 నుంచి 18 ఏళ్ల పిల్లలు ఘోర నేరం చేస్తే, వాళ్లను పెద్దవాళ్లలా విచారించాలా వద్దా అన్నది బోర్డు ముందుగా అంచనా వేయాలి. నిగ్రహానికి సంబంధించిన మెదడు ముందు భాగం ఇరవైల మధ్య దాకా ఎదుగుతూనే ఉంటుందని శాస్త్రం చెబుతుంది. కానీ అది వేలమందిని కలిపి చూసిన లెక్క. ఎదురుగా కూర్చున్న ఒక్క కుర్రాడి మెదడు ఆ రాత్రి ఎంత ఎదిగి ఉందో ఏ స్కానూ చెప్పలేదు.

ఇంకోటి, మన రోడ్డు మీదకే వచ్చేది. ఆస్ట్రేలియా గనుల్లో డ్రైవర్లు కునుకు తీయకుండా టోపీలో ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తున్నారు. జగ్గయ్యపేట నుంచి సిమెంటు మోసే లారీ డ్రైవరుకు రేపు అదే టోపీ ఇస్తే, ప్రాణం కాపాడుతుంది కాబట్టి నేనూ మంచిదే అంటాను. మరి ఆ రికార్డు ఓనరు దగ్గర ఉంటుందా? ఉద్యోగం తీసేయడానికి వాడొచ్చా? చిలీ దేశం 2021లోనే మెదడు సమాచారానికి రాజ్యాంగ రక్షణ ఇచ్చింది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు, తల పట్టీలు అమ్మే ఎమోటివ్ కంపెనీ దాచుకున్న ఒక మనిషి మెదడు సమాచారాన్ని చెరిపేయమంది. మన 2023 డేటా రక్షణ చట్టంలో మెదడు సమాచారానికంటూ ప్రత్యేకమైన గది లేదు.

ఆ చట్టాలు ఎప్పుడొస్తాయో గానీ, ఈలోపు మన చేతిలో ఉన్నది చిన్నదేమీ కాదు. మీ ఇంట్లోనో వీధిలోనో ఎవరికైనా ఇలాంటి పరీక్ష ప్రస్తావన వస్తే సంతకం స్టేషన్లో పెట్టకండి. ఒప్పుకోలు మేజిస్ట్రేటు ఎదుటే నమోదు కావాలి, అంతకుముందు లాయరుతో మాట్లాడే వీలు ఉండాలి, పరీక్ష జరిగేటప్పుడు లాయరు ఉండాలి. జాతీయ మానవ హక్కుల సంఘం 2000లో పెట్టిన ఈ నియమాలను పాటించి తీరాలని సెల్వి తీర్పు చెప్పింది. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. న్యాయసేవల హెల్ప్‌లైన్ నంబరు 15100.