మూరన్నర రెక్కలు బెత్తెడైన వైనం

శ్రీరంగాపురం రంగసముద్రం కట్ట మీద 250 అడుగుల తాడు పరిచామనుకుందాం. అడుగుకు కోటి ఏళ్ళ లెక్క, చివరి కొస ఈనాడు. గద్వాల, వనపర్తి గుట్టల రాళ్ళు తాడు మొదట్లోనే పుట్టాయి. రెక్కల పురుగులు కనబడేది చివరి 32 అడుగుల్లో. మనిషి వాటా అరంగుళం కూడా రాదు.

అందుకే ఇక్కడి బండల్లో తూనీగ ముద్ర దొరకదు. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ గుట్టల రాళ్ళూ వంద కోట్ల ఏళ్ళు దాటినవే. కీటకాల ముద్రలు చూడాలంటే గోదావరి వైపు పోవాలి. ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట ఊరి పేరుతో పిలిచే సున్నపురాతి పొరల్లో, సుమారు 18 కోట్ల ఏళ్ళ నాటి చేపలతో పాటు పురుగులూ ఉన్నాయి.

70 సెంటీమీటర్లు

ఫ్రాన్స్‌లోని కొమాంత్రీ బొగ్గు గనుల్లో దొరికిన మెగాన్యూరా అనే పురుగు రెక్కల చాపు దాదాపు ఇంత. మన కొలతలో మూరన్నర. దీనికి 1885లో పేరు పెట్టింది షార్ల్ బ్రోన్యార్. వయసు సుమారు 30 కోట్ల ఏళ్ళు. ఇది తూనీగకు ముత్తాత కాదు, దాయాది.

21 శాతం

ఇప్పటి గాలిలో ఆక్సిజన్ ఇది. మెగాన్యూరా కాలంలో 30 శాతం దాటి ఉండేదని అంచనా. పురుగులకు ఊపిరితిత్తులుండవు, సన్నని గొట్టాల గుండా గాలి నేరుగా ఒంట్లోకి పోతుంది. గాలిలో ఆక్సిజన్ ఎక్కువైతే పెద్ద ఒంటికీ సరిపోతుంది.

15 కోట్ల ఏళ్ళు

అమెరికా పరిశోధకులు వేల శిలాజ రెక్కలు కొలిచి 2012లో ఒక సంగతి తేల్చారు. దాదాపు 15 కోట్ల ఏళ్ళ కిందటి దాకా ఆక్సిజన్ పెరిగితే రెక్కలూ పెరిగాయి. ఆ తర్వాత ఆక్సిజన్ పెరిగినా రెక్కలు పెరగలేదు, తగ్గాయి. పక్షులు వచ్చిన కాలమది. వాటి నుంచి తప్పించుకోవాలంటే ఒళ్ళు చిన్నదై, చటుక్కున తిరగగలగాలి.

40 రోజులు

వానలప్పుడు పొలాల మీద గుంపుగా తిరిగే పసుపు తూనీగ రెక్కల చాపు బెత్తెడు. ఇదే హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికా చేరుతుందని 2009లో చార్లెస్ ఆండర్సన్ ప్రతిపాదించారు. అంత దూరం పోయేదైనా బాల్యమంతా నీళ్ళలోనే. పిల్ల తూనీగ ఎదగడానికి సుమారు 40 నుంచి 65 రోజులు పడుతుంది. కుంటలో నీళ్ళు అప్పటిదాకా నిలిస్తేనే దానికి రెక్కలు.