పేటెంట్ క్లెయిముల అర్థనిర్ణయం: పెదవుల కదలికల యానిమేషన్ వివాదం

ఉపోద్ఘాతం:
పేటెంటుదారు హక్కు ఎంతవరకు విస్తరిస్తుందో పేటెంటు పత్రంలోని క్లెయిములు నిర్ణయిస్తాయి. వాటిలోని పదాలకు ఏ అర్థం గ్రహించాలన్నదే అనేక వివాదాలకు మూలం. అమెరికాలో మెక్రో సంస్థకు, బందాయ్ నామ్కో తదితర వీడియోగేమ్ సంస్థలకు మధ్య నడిచిన వ్యాజ్యం ఇందుకు ఉదాహరణ.

1. సాంకేతిక నేపథ్యం:
త్రిమితీయ పాత్ర మాట్లాడుతున్నట్లు కనిపించాలంటే ధ్వనికి తగినట్లు పెదవులు కదలాలి. పూర్వం యానిమేటర్లు ముఖ్యమైన ఫ్రేముల వద్ద ముఖాకృతిని స్వీయ అంచనాతో సవరించేవారు. మెక్రో పద్ధతిలో ఆ పనిని నియమాలు చేస్తాయి. వర్ణాల క్రమాన్ని, కాలాన్ని బట్టి తటస్థ ముఖం ఏ ఆకృతివైపు ఎంత మారాలో అవి నిర్ణయిస్తాయి. ‘మామ’, ‘మూడు’ అనే పదాల్లో తొలి హల్లు ఒకటే అయినా తరువాతి అచ్చును బట్టి పెదవుల తీరు మారుతుంది. క్రమానికి ప్రాధాన్యం ఇందువల్లనే.

2. ‘నియమాలు’ - 2016 తీర్పు:
ఈ పేటెంట్లు కేవలం అమూర్త భావనకు సంబంధించినవని, కనుక చెల్లవని 2014లో కాలిఫోర్నియాలోని జిల్లా న్యాయస్థానం నిర్ణయించింది. 2016 సెప్టెంబరు 13న ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం దానిని తోసిపుచ్చింది. వరుసగా వచ్చే పలు వర్ణాలను కలిపి పరిశీలించే నియమాలకే క్లెయిములు పరిమితమని భావించింది. ఈ పరిమితియే పేటెంట్లను నిలబెట్టింది.

3. ‘సదిశ’ - 2020 తీర్పు:
తటస్థ ముఖంపై ఉన్న ఒక బిందువు నుండి మారిన ముఖంపై ఉన్న బిందువుకు గల స్థానభ్రంశాన్ని పేటెంటు ‘సదిశ’లతో నిర్వచించింది. ప్రతివాదుల ఆటల్లో మాత్రం ముఖం లోపల కల్పించిన ‘ఎముకల’ కదలికలను తెలిపే సంఖ్యలు ఉన్నాయి. క్రమబద్ధమైన సంఖ్యల సముదాయం ఏదైనా సదిశయేనని మెక్రో వాదన. పరిమాణం, దిశ గల త్రిమితీయ జ్యామితీయ సదిశ అనేదే ఇక్కడ అర్థమని 2020 మే 20న అప్పీలు న్యాయస్థానం తేల్చింది. ఫలితంగా ఉల్లంఘన జరగలేదన్న నిర్ణయం ఖరారైంది.

అయితే పేటెంటు వివరణ చాలదంటూ క్లెయిములు చెల్లవన్న జిల్లా న్యాయస్థానం నిర్ణయాన్ని మాత్రం అదే తీర్పు రద్దుచేసింది. ఎముకల పద్ధతి క్లెయిముల పరిధిలో లేనప్పుడు, దానిని వివరించలేదన్న కారణంతో వాటిని కొట్టివేయడం కుదరదు.

ముగింపు:
విశాలార్థం ఉల్లంఘన వాదానికి బలమిస్తుంది. పేటెంటు చెల్లుబాటును ప్రమాదంలో పడవేస్తుంది. సంకుచితార్థం పేటెంటును కాపాడుతుంది. పోటీదారునికి దారి విడుస్తుంది. రెండు సందర్భాల్లోనూ అర్థం ఒక్కటే కావాలి. కనుక క్లెయిము రచనలో ప్రతి పదాన్నీ ఈ రెండు దృష్టులతోనూ పరీక్షించుకోవడం అవసరమని ఈ వ్యాజ్యం నిరూపిస్తున్నది.