చలిలో మొరాయించే కారు

పొద్దున్నే కుంపటి రాజవేసే ఇల్లాలికి తెలియని సంగతి కాదు: బొగ్గులు చల్లగా ఉన్నప్పుడు రెండు చుక్కలు కిరసనాయిలు ఎక్కువ పోయాలి, నిప్పు అందుకున్న తరువాత అక్కర లేదు. మోటారు ఇంజనుదీ ఇదే తీరు. చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు; కొంత గొట్టాల గోడలకే తడిగా అంటుకొనిపోతుంది. అందుచేత చల్లని ఇంజనుకు పెట్రోలు పాలు హెచ్చిన చిక్కని మిశ్రమం కావాలి. పాత అంబాసిడరు కారులో ఇందుకు చోక్ ఉండేది, చేత్తో లాగేవారు.

జర్మనీ దేశపు పోర్షే కంపెనీవారి 911 ఎస్.సి. అనే స్పోర్ట్స్ కారులో (1978 నుండి 1983 మోడలు వరకు) చోక్ లేదు. బాష్ కంపెనీవారి కె-జెట్రానిక్ అనే ఇంజెక్షన్ ఏర్పాటు ఆ పనిని తనంతట తాను చేసుకుంటుంది. అందులో ముఖ్యమైనవి మూడు. మొదటిది కోల్డ్ స్టార్ట్ వాల్వు. స్టార్టరు తిరిగేటప్పుడు మాత్రం కొన్ని సెకండ్లు అదనంగా పెట్రోలు చిమ్ముతుంది. ఎంతసేపు చిమ్మాలో థర్మో-టైమ్ స్విచ్ నిర్ణయిస్తుంది. రెండవది వార్మ్-అప్ రెగ్యులేటరు. ఇంజను చల్లగా ఉన్నంతసేపు కంట్రోలు ప్రెషరును తగ్గించి మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది. మూడవది అదనపు గాలి వాల్వు. ఇంజను వేడెక్కేవరకు కొంచెం ఎక్కువ గాలినిచ్చి ఆగిపోకుండా నిలుపుతుంది.

ఆఫీసులో ఒక ఫైలు కనబడకపోతే బీరువాలన్నీ తిరగవేయడం కంటె, కడపట ఎవరి బల్లమీదికి వెళ్ళిందో చూడడం మేలు. ఇక్కడా అంతే. ముందు బ్యాటరీ, స్పార్కు సరిగా ఉన్నవో లేదో చూచి, తరువాత లక్షణాన్ని గమనించాలి. ఎంత తిప్పినా ఇంజను అందుకోకపోతే కోల్డ్ స్టార్ట్ వాల్వునూ, దాని స్విచ్‌నూ శంకించాలి. అందుకొని వెంటనే ఆగిపోతే వార్మ్-అప్ రెగ్యులేటరునూ, అదనపు గాలి వాల్వునూ, గాలి దొంగతనంగా చొరబడే చీలిన గొట్టాలనూ చూడాలి. చలిలో బాగా స్టార్టయి, వేడిగా ఆపిన అరగంటకు మొరాయిస్తే అది వేరే జబ్బు. పెట్రోలు ప్రెషరు నిలవకపోవడం దానికి సాధారణ కారణం.

ఊహకంటె గేజి నమ్మదగినది. సిస్టం ప్రెషరు సుమారు 5 బార్ ఉంటుంది. కంట్రోలు ప్రెషరు 20 డిగ్రీల చలిలో సుమారు ఒకటిన్నర బార్ ఉండి, వేడెక్కిన కొద్దీ మూడున్నర దాకా పెరగాలి. సరియైన అంకెలు ఆయా మోడలు పుస్తకంలో చూచుకోవాలి. చలిలోనే మూడు బార్ చూపితే దోషం దొరికినట్లే.

ఇవేవీ చూడకుండా కొందరు మిశ్రమం సవరించే మర త్రిప్పుతారు. కారు స్టార్టవుతుంది, యజమాని సంతోషిస్తాడు. కాని వేడెక్కిన తరువాత నల్లపొగ, మసిబారిన ప్లగ్గులు, పెట్రోలు ఖర్చు! అసలు దోషం అలాగే ఉంటుంది.

అలాగని పలుచని మిశ్రమంతో పదేపదే తిప్పడమూ ప్రమాదమే. మంట వెనుకకు తన్ని ప్లాస్టిక్ గాలిపెట్టె పగిలిపోతుంది. ఆ పగులుగుండా లెక్కలోకి రాని గాలి చేరి, మరునాడు ఇంజను మరింత మొరాయిస్తుంది. ఈ దెబ్బకు వెరచే చాలామంది యజమానులు ఆ పెట్టెకు స్ప్రింగు మూత వాల్వు బిగించుకున్నారు.

పెట్రోలు గొట్టాలు విప్పే పని తెలిసిన మెకానిక్ చేతనే చేయించాలి. నిప్పు దగ్గరకు రానీయరాదు, మంటలార్పే సాధనం చేతికందేటట్లు ఉండాలి.

మరొక మాట. ఒకసారి స్టార్టయిన ఇంజను మళ్ళీ పూర్తిగా చల్లబడడానికి రాత్రంతా పడుతుంది. చల్లని ఇంజను రోజుకు ఒక్కసారే దొరుకుతుందన్నమాట. కనుక రేపు ఉదయం ఏది చూడాలో ఈ రాత్రే కాగితంమీద వ్రాసుకోండి. తొందరపడినవానికి సామానుల ఖర్చు, ఓపిక పట్టినవానికి నాలుగు ఉదయాల ఖర్చు.