హెడ్‌ఫోన్స్‌కు ఈడైన జోడు

పిల్లలు బడికీ, ఆయన ఆఫీసుకీ వెళ్లాక, వంటిల్లు సర్దేసి ఓ గంటసేపు ఘంటసాల పాటో, బాలమురళి కచేరీయో మనసారా వినాలని ఎవరికుండదు చెప్పండి! అందుకేనేమో, ఇప్పుడు చాలా ఇళ్లల్లో పట్టుచీరంత ఖరీదైన హెడ్‌ఫోన్స్ కనిపిస్తున్నాయి. అమ్మాయి తొలి జీతంతో అమ్మకు కొనిపెట్టినవి కావచ్చు, అబ్బాయి ముచ్చటపడి తెచ్చుకున్నవి కావచ్చు. అంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. "దీనికి మంచి ఆంప్లిఫయర్ ఉండాలి, డాక్ కూడా ఉండాలి, లేకపోతే పెట్టిన డబ్బంతా దండగే" అని ఎవరో ఒకరు చెవిలో వేస్తారు. అంటే హెడ్‌ఫోన్స్ కొన్నంత పనీ మళ్లీ మొదటికొచ్చిందన్నమాట! నిజంగా అవసరమా? అబిడ్స్ బయల్దేరే ముందు ఓ పది నిమిషాలు కూర్చుని ఈ సంగతులు చదవండి.

డాక్ ఏం చేస్తుంది? ఆంప్ ఏం చేస్తుంది?

ఫోన్‌లో ఉన్న పాట నిజానికి పాట కాదు, అంకెల వరస. సీడీనే తీసుకోండి. సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఆ కొలతల్ని అంకెలుగా దాస్తారు. ఆ అంకెల్ని మళ్లీ విద్యుత్ సంకేతంగా మార్చేదే కన్వర్టర్. దీన్నే 'డాక్' అంటారు. వంటల పుస్తకం చూసి కూర వండిపెట్టే మనిషి లాంటిది ఇది. ఇక ఆంప్లిఫయర్ పని, ఆ సంకేతానికి హెడ్‌ఫోన్స్‌ని కదిలించేంత బలం ఇవ్వడం.

2016లో ఐఫోన్ 7 హెడ్‌ఫోన్ రంధ్రం లేకుండా వచ్చింది. తర్వాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. అందుకని ఇప్పుడు జానెడు కూడా లేని ఓ తీగ ముక్క తగిలించుకుంటున్నాం కదా, దాని కొసన ఉన్న చిన్న బుడిపెలోనే డాక్, ఆంప్ రెండూ ఉంటాయి! కాకపోతే ఒక మెలిక ఉంది. చూడ్డానికి అలాగే ఉండే కొన్ని తీగల్లో ఏమీ ఉండదు, ఉత్త తీగే. అవి కొన్ని ఫోన్లకే పనిచేస్తాయి. కాబట్టి "ఇందులో డాక్ ఉందా?" అని అడిగి, మీ ఫోన్‌కు పెట్టి చూసి మరీ కొనండి.

ఇంకో మాట. మీవి బ్లూటూత్ హెడ్‌ఫోన్సా? గాలిలో వచ్చే అంకెల్ని మార్చే డాక్, బలమిచ్చే ఆంప్ వాటి లోపలే ఉంటాయి. బ్లూటూత్‌తో వింటున్నంత కాలం బయట ఎంత మంచి డాక్ పెట్టినా ప్రయోజనం సున్నా. ఈ ఒక్క సంగతి తెలిసినా కొందరికి పెద్ద ఖర్చు తప్పినట్టే!

చూడాల్సిన అంకెలు మూడే

పెళ్లికి జాతకాలు చూసినట్టు ఇక్కడ మూడు అంకెలు కలవాలి. మొదటిది ఇంపెడెన్స్. దీన్ని ఓంలలో చెబుతారు. ఆడియో టెక్నికా ఎం50ఎక్స్‌కు 38 ఓంలు, 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 600కు 300 ఓంలు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో అయితే ఒకే పేరుతో 32, 80, 250 ఓంలుగా వచ్చింది. పేరు చూసి సరిపెట్టుకోకుండా పెట్టె మీది అంకె చూడాలి మరి!

రెండోది సెన్సిటివిటీ. ఒక మిల్లీవాట్ పవర్ ఇస్తే ఎన్ని డెసిబెల్స్ వినిపిస్తుందో చెప్పే లెక్క. కొన్ని కంపెనీలు మిల్లీవాట్‌కు, కొన్ని వోల్ట్‌కు చెబుతాయి. శేరూ కిలో ఒకటి కానట్టే ఇవీ ఒకటి కావు. పోల్చేముందు రెండూ ఒకే కొలతలో ఉన్నాయా అని చూసుకోండి.

లెక్క ఇలా చేయాలి. మామూలు తీగ ముక్క డాక్ ఒక వోల్ట్ ఇస్తుందనుకుందాం. 32 ఓంల హెడ్‌ఫోన్స్‌కు దాని నుంచి సుమారు 31 మిల్లీవాట్లు అందుతాయి. అదే 300 ఓంల వాటికైతే మూడున్నర కూడా అందవు. "అయ్యో, చాలదేమో!" అనుకోకండి. 97 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉంటే ఆ కాస్త పవర్‌కే 102 డెసిబెల్స్ దాకా వస్తుంది. మీరు 75 దగ్గర హాయిగా వింటున్నారనుకోండి, మృదంగం మీద గట్టి దెబ్బ పడినప్పుడు మరో 20 పెరిగినా 95 దాటదు. అంటే 300 ఓంలున్నా సరే, ఇంట్లో నెమ్మదిగా వినేవారికి తీగ ముక్కే సరిపోవచ్చు.

మరి విడిగా ఆంప్ ఎవరికి కావాలి? వాల్యూమ్ మొత్తం పెంచినా పాట సన్నగా వినిపించేవారికి. ప్లానార్ రకంలో కొన్నింటికి ఓంలు తక్కువే, సెన్సిటివిటీ మరీ తక్కువ. హైఫైమాన్ హెచ్‌ఈ-6కు 50 ఓంలు, 83.5 డెసిబెల్స్. 97 డెసిబెల్స్ వాటితో సమానంగా మోగాలంటే దానికి సుమారు 22 రెట్లు పవర్ కావాలి! అలాంటివాటికి ఆంప్ సోకు కాదు, అవసరం.

మూడో అంకె ఆంప్‌ది: అవుట్‌పుట్ ఇంపెడెన్స్. ఇది హెడ్‌ఫోన్స్ ఓంలలో ఎనిమిదో వంతు మించకుండా ఉంటే మంచిది. 32 ఓంలకు 4 అన్నమాట. ఎక్కువైతే కొన్ని హెడ్‌ఫోన్స్‌లో బేస్ ఉబ్బినట్టు, స్వరం మారినట్టు వినిపిస్తుంది.

పెద్ద ఆంప్ కొంటే పోలా అంటారా? పోపు గరిటెను పెద్ద బర్నర్ మీద పెడితే ఆవాలు వేగుతాయా, మాడతాయా? సున్నితమైన ఇయర్‌ఫోన్స్‌ని బలమైన ఆంప్‌కు తగిలిస్తే పాట వెనకాల 'స్‌స్‌' అని సన్నని హోరు. వాల్యూమ్ మీట కాస్త కదిపేసరికి చెవులు గింగురుమంటాయి. పాత్రకు తగ్గ పొయ్యి ఉండాలి.

ఖర్చు ఎక్కడ పెట్టాలి?

డాక్ విషయంలో మీకో మంచి కబురు. ఈ రోజుల్లో చవక డాక్‌లు కూడా చాలావరకు మన చెవి పసిగట్టలేనంత శుభ్రంగా పనిచేస్తున్నాయి. ఎక్కువ డబ్బు ఎక్కువగా అదనపు రంధ్రాలకూ, రిమోట్‌కూ, అందమైన పెట్టెకూ పోతుంది. ఒక హెడ్‌ఫోన్‌కూ మరో హెడ్‌ఫోన్‌కూ ఉన్న తేడా మాత్రం ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది. అందుకని డబ్బులో పెద్ద వాటా హెడ్‌ఫోన్స్‌కే పెట్టండి. మిగిలిందే ఆంప్‌కు.

అబిడ్స్, నాంపల్లిలో బేరం

నాంపల్లి మెట్రోలో దిగితే చిరాగ్ అలీ లేన్, జగదీశ్ మార్కెట్ దగ్గర్లోనే. ఇంకాస్త ముందుకు, కోఠి వైపు వెళ్తే గుజరాతీ గల్లీ. పిన్నులు, తీగలు, సన్న పిన్నును లావు పిన్నుగా మార్చే కన్వర్షన్ ముక్కలు, రిపేర్లు, ఇలాంటివాటికి ఆ వీధులే దిక్కు. ఖరీదైన హెడ్‌ఫోన్ ఆంప్‌లు ప్రతి కొట్లోనూ ఉండవు కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఎండలో తిరుగుడు తప్పుతుంది.

మీ హెడ్‌ఫోన్స్, మీ ఫోన్, మీకు కంఠతా వచ్చిన నాలుగు పాటలు వెంట ఉండాలి. రెండు ఆంప్‌లు పోల్చేటప్పుడు రెండింటి శబ్దం సమానంగా పెట్టమనండి. ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగుందనిపించడం చెవి సహజగుణం. ఒక్క డెసిబెల్ తేడా చాలు మోసపోవడానికి!

విదేశం నుంచి వచ్చిన సరుకైతే వెనక రాసిన వోల్టేజీ చూడండి. మన కరెంటు 230 వోల్టులు. 110 వోల్టుల పెట్టెను నేరుగా గోడకు తగిలిస్తే ఆ సంబరం ఒక్క క్షణమే. అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు ఉందో లేదో కూడా చూసుకోండి.

జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ జరుగుతుంది కదా. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పటి మైదానానికి మారిన పాత ముచ్చట అది. అక్కడ ఎలక్ట్రానిక్ వస్తువు కొంటే బిల్లు, వారంటీ కార్డు, ఊళ్లో సర్వీసు ఎక్కడో అడిగి రాయించుకోండి. ఫిబ్రవరి తర్వాత స్టాలు అక్కడ ఉండదు మరి!

డబ్బు పోతే వస్తుంది, వినికిడి రాదు

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వినాలంటే 80 డెసిబెల్స్, పిల్లలైతే 75 మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగమవుతాయి. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలే. చెవి లోపలి సన్నని రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొలవవు. బలమైన ఆంప్ ఇంటికొచ్చిందంటే వంటింట్లోకి పెద్ద మంట వచ్చినట్టే. జాగ్రత్తా దానికి తగ్గట్టే ఉండాలి.

ఇవి గుర్తుంచుకోండి:

- ఆంప్ మీద 'గెయిన్' మీట ఉంటే తక్కువలోనే ఉంచండి. చాలకపోతేనే పెంచండి.
- వాల్యూమ్ సున్నాకు తెచ్చాకే హెడ్‌ఫోన్స్ తగిలించండి. తర్వాతే చెవులకు పెట్టుకోండి.
- ఒకరు విన్నాక ఇంకొకరికి ఇచ్చేటప్పుడు, ముఖ్యంగా పిల్లలకు, వాల్యూమ్ మళ్లీ మొదటికి తేవాలి.
- పక్కనుంచి పిలిస్తే వినపడనంత గట్టిగా పెట్టకండి. కుక్కర్ కూతలైనా వినపడాలిగా!
- తీసేశాక చెవిలో గుయ్యిమంటుంటే, మాటలు మందంగా వినిపిస్తుంటే ఆలస్యం చేయకండి. కోఠిలో ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆస్పత్రి ఉంది. వెళ్లి చూపించుకోండి.

ఇక ఎవరైనా "ఆంప్ లేకపోతే దండగ" అన్నారనుకోండి, కంగారుపడకుండా "ఎన్ని ఓంలు? ఎన్ని డెసిబెల్స్?" అని అడగండి. మీరు వినే శబ్దానికి ఉన్న తీగ ముక్కే సరిపోతే, ఆ డబ్బు మీ పర్సులోనే భద్రం!