సైద్ధాంతిక, ప్రాయోగిక సంభావ్యతలు: నాణెం, పాచిక, గవ్వల ప్రయోగాల పరిశీలన

వ్యాససంగ్రహం:
సంభావ్యతను బోధించేటప్పుడు సైద్ధాంతిక విలువను సరైన సమాధానంగానూ, ప్రయోగంలో లభించిన విలువను దానికి దగ్గరగా రావలసిన అంచనాగానూ చూపడం పరిపాటి. ఈ రెండు విలువల మధ్య వ్యత్యాసానికి ప్రధానంగా రెండు కారణాలుంటాయి. ఒకటి యాదృచ్ఛికత వల్ల కలిగే చెదరుపాటు, రెండవది సిద్ధాంతానికి ఆధారమైన ఊహ వస్తువుకు సరిపడకపోవడం. యత్నాల సంఖ్య పెరిగేకొద్దీ మొదటిది తగ్గుతుంది, రెండవది తగ్గదు. తరగతి గదిలో చేయదగిన మూడు ప్రయోగాల ద్వారా ఈ భేదాన్ని వివరించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: సంభావ్యత, సమసంభవత, సాపేక్ష పౌనఃపున్యం, ప్రామాణిక విచలనం, బృహత్సంఖ్యా న్యాయం, అష్టాచెమ్మా.

1. ఉపోద్ఘాతం:
ఒక విద్యార్థి నాణేన్ని పదిసార్లు ఎగురవేయగా ఏడుసార్లు బొమ్మ పడిందనుకుందాం. పుస్తకం చెప్పే విలువ 0.5, అతనికి వచ్చిన విలువ 0.7. ఇక్కడ తప్పు ఎవరిది? నాణెంలో దోషం ఉందా, ఎగురవేసిన తీరులో ఉందా, లేక అసలు తప్పే లేదా? ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం లభించనప్పుడు విద్యార్థి తన నమోదు పట్టికలోని ఏడును ఐదుగా దిద్దుకునే ప్రమాదం ఉంది. దత్తాంశాన్ని ఆశించిన ఫలితానికి అనుగుణంగా సవరించే అలవాటుకు అక్కడే బీజం పడుతుంది. అందువల్ల ఈ రెండు సంభావ్యతల సంబంధం పరిశోధనా నిజాయితీకి కూడా సంబంధించిన అంశం.

2. రెండు నిర్వచనాలు:
ఒక యాదృచ్ఛిక ప్రయోగంలోని పర్యవసానాలన్నీ సమసంభవాలైనప్పుడు, అనుకూల పర్యవసానాల సంఖ్యను మొత్తం పర్యవసానాల సంఖ్యతో భాగిస్తే సైద్ధాంతిక సంభావ్యత లభిస్తుంది. ప్రయోగాన్ని అనేకసార్లు జరిపి, ఘటన సంభవించిన పర్యాయాలను మొత్తం యత్నాలతో భాగిస్తే వచ్చే సాపేక్ష పౌనఃపున్యమే ప్రాయోగిక సంభావ్యత.

మొదటి నిర్వచనంలోని ‘సమసంభవాలైనప్పుడు’ అన్న మాట షరతు అని గమనించాలి. నాణెం, పాచిక వంటి వస్తువుల సౌష్ఠవాన్ని చూసి మనం ఆ షరతును అంగీకరిస్తాం. లెక్కింపు ఆ తరువాతి పని. ఇక రెండు నిర్వచనాలను కలిపే వంతెన బృహత్సంఖ్యా న్యాయం. దీనిని జాకబ్ బెర్నూలీ నిరూపించాడు. ఆ నిరూపణ గల ‘ఆర్స్ కంజెక్టాండీ’ గ్రంథం ఆయన మరణించిన ఎనిమిదేళ్లకు, 1713లో ప్రచురితమైంది. యత్నాల సంఖ్య పెరిగేకొద్దీ సాపేక్ష పౌనఃపున్యం అసలు సంభావ్యతకు ఎంత దగ్గరగానైనా ఉండే అవకాశం 1కి చేరువవుతుందని దాని సారాంశం.

3. నాణెం - యాదృచ్ఛిక చెదరుపాటు:
నిష్పక్షపాతమైన నాణేన్ని పదిసార్లు ఎగురవేస్తే 1,024 సమసంభవ క్రమాలు ఏర్పడతాయి. వాటిలో సరిగ్గా ఐదు బొమ్మలున్నవి 252, అంటే సుమారు 24.6 శాతం. నలభైమంది ఉన్న తరగతిలో దాదాపు పదిమందికి మాత్రమే సరిగ్గా ఐదు వస్తుందని ఆశించాలి. మూడు లేదా అంతకంటే తక్కువ, ఏడు లేదా అంతకంటే ఎక్కువ బొమ్మలు వచ్చేవారు సుమారు పద్నాలుగుమంది ఉంటారు. కాబట్టి 0.7 ఏ దోషానికీ సూచన కాదు. నలభైమందిలో ముప్ఫైమంది ఐదు అని రాసి తెస్తే ఆ పట్టికలనే సందేహించాలి.

ఈ చెదరుపాటుకు కొలత ఉంది. సాపేక్ష పౌనఃపున్యం ప్రామాణిక విచలనం యత్నాల సంఖ్య వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. నాణేనికి 100 యత్నాల వద్ద అది 0.05, 10,000 యత్నాల వద్ద 0.005. కచ్చితత్వం పది రెట్లు పెరగాలంటే శ్రమ నూరు రెట్లు పెరగాలన్నమాట.

చరిత్రలో ఇంత ఓపిక చూపినవారున్నారు. ఫ్రెంచి శాస్త్రవేత్త బఫాన్ చేసిన 4,040 యత్నాలలో 2,048 బొమ్మలు పడ్డాయి. కార్ల్ పియర్సన్ 24,000 యత్నాలలో 12,012 బొమ్మలు నమోదు చేశాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న గణితజ్ఞుడు జాన్ కెరిచ్‌కు 10,000 యత్నాలలో 5,067 బొమ్మలు వచ్చాయి. కెరిచ్ ఫలితం సరిసగం కంటే 67 ఎక్కువ. అయినా ప్రామాణిక విచలనం 50 కనుక ఇది సహజమైన వ్యత్యాసమే.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. వరుసగా బొమ్మలు పడితే తరువాత బొరుసులు ఎక్కువగా పడి లెక్క సరిపోతుందని చాలామంది భావిస్తారు. నాణేనికి జ్ఞాపకం లేదు. యత్నాలు పెరిగేకొద్దీ తగ్గేది నిష్పత్తిలోని తేడా. సంఖ్యలోని తేడా సాధారణంగా పెరుగుతుంది, 100 యత్నాలకు 5 ఉన్న విచలనం 10,000 యత్నాలకు 50 అవుతుంది. పాత తేడా రద్దు కాదు, పెరిగిన హారం ముందు అది స్వల్పమవుతుంది.

4. పాచిక - సమసంభవత అనే షరతు:
రెండు పాచికలను వేస్తే మొత్తం 2 నుంచి 12 వరకు పదకొండు విలువలలో ఏదో ఒకటి వస్తుంది. ప్రతి విలువకూ సంభావ్యత 1/11 అని విద్యార్థి భావించవచ్చు. ఇది సామాన్యులు మాత్రమే చేసే పొరపాటు కాదు. నాణేన్ని రెండుసార్లు వేసినప్పుడు కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత 2/3 అని 1754లో డి అలెంబర్ట్ వాదించాడు. సరైన విలువ 3/4. అసమాన పర్యవసానాలను సమానంగా లెక్కించడమే ఈ రెండు పొరపాట్లకూ మూలం. పాచికలను 360 సార్లు వేసి చూస్తే చిక్కుముడి విడిపోతుంది. 1/11 ప్రకారం ప్రతి మొత్తమూ దాదాపు 33 సార్లు రావాలి. 36 సమసంభవ జతల లెక్క ప్రకారం 7 సుమారు 60 సార్లు, 2 సుమారు 10 సార్లు రావాలి. తరగతి పట్టిక వీటిలో దేని వైపు మొగ్గుతుందో విద్యార్థులే చూడగలరు.

అయితే లెక్కింపు సరిగా ఉన్నా వస్తువు సరిపడకపోవచ్చు. ఆంగ్ల శాస్త్రవేత్త వెల్డన్ పన్నెండు పాచికల సమూహాన్ని 26,306 సార్లు వేసిన ఫలితాలు ప్రసిద్ధం. మొత్తం 3,15,672 పాచిక ఫలితాలలో 5 లేదా 6 పడినవి 1,06,602, అంటే 0.3377. సిద్ధాంతం చెప్పే విలువ 0.3333. తేడా చిన్నదిగా కనిపించినా అది ప్రామాణిక విచలనానికి ఐదు రెట్లకు పైబడింది. చుక్కల కోసం గుంటలు తొలచిన పాచికలో 5, 6 ముఖాలు కొంత తేలికై పైకి వచ్చే అవకాశం పెరుగుతుందన్నది దీనికి ఇచ్చే వివరణ. కై-వర్గ పరీక్షను ప్రతిపాదించిన 1900 నాటి వ్యాసంలో పియర్సన్ ఈ దత్తాంశాన్ని ఉదాహరణగా వాడుకున్నాడు. ఎన్ని యత్నాలు చేసినా ఇటువంటి తేడా తొలగిపోదు, ఇంకా స్పష్టపడుతుంది.

5. గవ్వలు - ప్రయోగం నుంచి సిద్ధాంతానికి:
తెలుగు ఇళ్లలో ఆడే అష్టాచెమ్మా ఈ చర్చకు చక్కని ఉదాహరణ. నాలుగు గవ్వలు గానీ ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు గానీ ఇందులో వాడతారు. సాధారణ నియమం ప్రకారం నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా అంటే నాలుగు, నాలుగూ బోర్లా పడితే అష్టా అంటే ఎనిమిది. గవ్వను నాణెంలా భావిస్తే రెండింటికీ సంభావ్యత 1/16. కానీ గవ్వ రెండు పక్కలూ ఒకే తీరుగా లేవు, వాటిని సమసంభవాలనడానికి ఆధారం లేదు.

కాబట్టి ముందుగా ఒకే గవ్వను వేసి చూడాలి. నలభైమంది విద్యార్థులు అదే గవ్వను వంతులవారీగా తలా 25 సార్లు వేస్తే 1,000 యత్నాలవుతాయి. వెల్లకిలా పడిన నిష్పత్తి 0.4 అని వచ్చిందనుకుందాం, ఇది వివరణ కోసం తీసుకున్న విలువ మాత్రమే. నాలుగు గవ్వలూ ఇదే తీరులో, పరస్పర స్వతంత్రంగా పడతాయని భావిస్తే ద్విపద విభాజనం ప్రకారం చెమ్మా సంభావ్యత 0.0256, అష్టా సంభావ్యత 0.1296. అంటే అష్టా అవకాశం చెమ్మాకు సుమారు ఐదు రెట్లు. 320 సార్లు వేస్తే చెమ్మా 8, అష్టా 41 పర్యాయాలు ఆశించాలి. సమసంభవత ఊహ ప్రకారమైతే చెరి 20.

తరువాతి మెట్టు ముఖ్యమైనది. ఈ అంచనాను నాలుగు గవ్వలతో కొత్తగా వేసిన 320 ఫలితాలతో పోల్చాలి. నమూనాను రూపొందించిన దత్తాంశంతోనే దానిని పరీక్షిస్తే అది పరీక్ష అనిపించుకోదు. కొత్త ఫలితాలు అంచనాకు బాగా దూరమైతే గవ్వలన్నీ ఒకే తీరువి కావేమో, వేసే ముందు అవి సరిగా కలవలేదేమో అని వెతకాలి. ఇక్కడ ప్రయోగం సిద్ధాంతానికి విలువనిస్తుంది, సిద్ధాంతం కొత్త అంచనానిస్తుంది, మళ్లీ ప్రయోగం దానిని పరీక్షిస్తుంది.

6. ముగింపు:
పై పరిశీలన ద్వారా ఈ అంశాలు స్పష్టమవుతున్నాయి.
• సైద్ధాంతిక సంభావ్యత ఒక షరతుపై ఆధారపడిన విలువ. ఆ షరతును లెక్కింపుకు ముందే పేర్కొనాలి.
• వ్యత్యాసం కనిపించినప్పుడు దానిని ప్రామాణిక విచలనంతో పోల్చి, అది యాదృచ్ఛిక చెదరుపాటో నమూనా లోపమో నిర్ణయించాలి.
• ప్రతి విద్యార్థి నమోదును దిద్దకుండా విడిగా భద్రపరచి, తరువాతే తరగతి మొత్తాన్ని కలపాలి. విడి పట్టికలు చెదరుపాటును, ఉమ్మడి పట్టిక స్థిరత్వాన్ని చూపుతాయి.
• గవ్వల వంటి అసౌష్ఠవ వస్తువులకు ప్రయోగమే తొలి ఆధారం.

పదిసార్లలో ఏడు బొమ్మలు చూసిన విద్యార్థి ఆ ఏడును అలాగే రాసుకుని, ‘ఇంత తేడా ఎంత తరచుగా రావచ్చు?’ అని అడగగలిగితే సంభావ్యతా బోధన తన ప్రయోజనాన్ని సాధించినట్లే.