మంచు లేని తీరమున మంచు టైర్లు

డెల్టా రైతునకు కాలమునుబట్టి చక్రము మార్చుట క్రొత్త సంగతి కాదు. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములలో వరినాట్ల అదను వచ్చినదనగా ట్రాక్టరుకు ఇనుప దమ్ము చక్రములు తగిలింతురు. బురదలో రబ్బరు టైరు తిరిగినచోటనే తిరుగును. ఇనుప చక్రము బురదను చీల్చుకొని ముందునకు సాగును. అదే చక్రముతో తారురోడ్డు ఎక్కినచో రోడ్డు గాట్లుపడి పాడగును. అందుచేతనే దమ్ము చక్రములతో రోడ్డెక్కరాదని అధికారులు ఏటేట హెచ్చరించుచుందురు. నేలకు తగిన చక్రము, కాలమునకు తగిన చక్రము అను ఈ న్యాయమే శీతల దేశములలో కార్లకు చలికాలమున వేరు టైర్లు తొడుగు ఆచారమునకును మూలము.

ఆ ఆచారపు మాట ఇప్పుడు మన యిండ్లలో కూడ వినబడుచున్నది. కుమారుడో కుమార్తెయో కెనడాలో ఉందురు. నవంబరు వచ్చుసరికి అక్కడివారు టైర్లు మార్పించుట చూతురు. "నాన్నగారూ, కార్తీకమాసములో తెల్లవారకమునుపే సూర్యలంక స్నానమునకు కారులో పోవుచుందురు గదా, మన కారుకు కూడ చలికాలపు టైర్లు వేయింపరాదా?" అని ఫోనులో అడుగుదురు. అడుగుటలో ఆపేక్ష ఉన్నది. ఆ ప్రశ్నలో కొంత సత్యమును ఉన్నది. ఆ సత్యమెంతయో తేల్చుకొనుటయే ఈ ప్రసంగమునకు పని.

ముందుగా రబ్బరు స్వభావము తెలిసికొనవలెను. పచ్చి రబ్బరు వేసవిలో జిగురై సాగును, శీతకాలమున బిరుసెక్కి పగులును. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకము కలిపి కాచు పద్ధతిని కనుగొన్న పిమ్మటనే రబ్బరు పనికివచ్చు వస్తువైనది. అయినను దాని స్వభావము పూర్తిగా పోలేదు. 1986 జనవరిలో ఛాలెంజర్ అంతరిక్షనౌక పేలిపోయిన తరువాత, విచారణ సంఘములోని ఫైన్‌మన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు చిన్న రబ్బరు కట్టు ముక్కను బిగించి మంచునీటి గ్లాసులో ముంచి తీసి చూపినాడు. చలికి అది వెంటనే తిరిగి పొంగలేకపోయినది. కారు టైరునకు చలిలో పట్టుతప్పుటలో ఉన్న రహస్యమును ఇటువంటిదే. రోడ్డు పైకి నున్నగా కనబడినను దాని నిండ సన్నని ఎగుడుదిగుడులుండును. మెత్తని రబ్బరు వానిలోనికి దిగి పట్టుకొనును. బిరుసెక్కిన రబ్బరు పైపైన జారిపోవును.

అందుచేత చలికాలపు టైరునకు సహజ రబ్బరును, సిలికాను హెచ్చుగా కలిపి, చలిలో కూడ మెత్తగా నుండునట్లు చేయుదురు. టైరు పైనున్న దిమ్మెలపై కత్తితో గీచినట్లు వందలకొలది సన్నని కోతలుండును. ఆ కోతల అంచులు మంచును కరచి పట్టుకొనును. ఫిన్లండు దేశపు కర్మాగారమొకటి 1934లో లారీలకును, 1936లో కార్లకును ఇట్టి టైర్లను తయారుచేసినది. నేడు నిజమైన చలికాలపు టైరు ప్రక్కభాగమున మూడు శిఖరముల కొండయు, దాని నడుమ మంచుపువ్వును ముద్రితమై యుండును. ఎం, ఎస్ అను రెండక్షరములు మాత్రమే ఉన్నచో అది బురదకును మంచుకును పనికివచ్చు గాళ్ళు కలది అని తయారుదారు చెప్పుకొనుటయే గాని, మంచుపై పరీక్షకు నిలిచినదని అర్థము కాదు. ఈ అక్షరములు మన దేశమున అమ్ముడగు పెద్దకార్ల టైర్లపైన కూడ కనిపించును. వానిని చూచి ఇవి మంచు టైర్లని మురిసిపోవువారు కలరు.

ఇక లెక్కకు వత్తము. సామాన్యమైన టైరు ఏ వేడిమి వద్ద బిరుసెక్కుట ఆరంభించును? టైర్ల వ్యాపారులు 7 డిగ్రీల సెల్సియసు అని చెప్పుదురు. అది గీచిన గీటు కాదు, వాడుకలోనున్న గుర్తు మాత్రమే. సూర్యలంకలో పుష్యమాసపు వేకువనైనను గాలి వేడిమి ఆ దరిదాపులకు రాదు. సముద్రము ప్రక్కనే యుండి రాత్రి చలిని తగ్గించును. దుప్పటి కప్పుకొను మనకు అది చలి కావచ్చును. రబ్బరునకు మాత్రము అది సుఖమైన కాలము. ఎండకాలమున గాలియే 40 డిగ్రీలు దాటును, నల్లని తారు అంతకంటె ఎంతయో హెచ్చుగా కాగును. అట్టి రోడ్డుపై చలికాలపు టైరు మరీ మెత్తబడి త్వరగా అరుగును, మలుపులలో తూలును, బ్రేకు వేసినప్పుడు మామూలు టైరు కంటె దూరముగా పోయి ఆగును. కనుక సూర్యలంక కారునకు చలికాలపు టైర్లు వ్యర్థవ్యయము, పైగా కొంత అపాయము కూడ. మన రాష్ట్రమున చలికి పేరుపడిన లంబసింగికి పోవువారికిని అవి అక్కరలేదు. ఒక వేకువ మంచుపొగలో మెల్లగా నడుపుటకు టైరు కంటె దీపములు ముఖ్యము.

ఇంతటితో ఫోను పెట్టివేయరాదు. బిడ్డ అడిగిన దానిలో సత్యమున్నదంటిని. చలి కాకున్నను, ఆ నెలలలో మన రోడ్లపై వేరొక శత్రువున్నాడు. వాడు నీరు.

మన తీరమునకు తుపానులు హెచ్చుగా వచ్చునది ఆశ్వయుజ కార్తీకములలోనే. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చినది. మిచాంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దాపుననే తీరము దాటినది. కార్తీక పూర్ణిమకు సూర్యలంకకు జనము వేలకొలది వత్తురు. ఆ దినములలోనే ఒక జల్లు పడి వెలియుట మనకు పరిపాటి. కత్తిపూడి నుండి ఒంగోలు పోవు 216వ నంబరు జాతీయరహదారి రేపల్లె, బాపట్ల మీదుగా వరిచేల నడుమ సాగును. పల్లమున నీరు నిలుచును. కోతల కాలమున రోడ్డు అంచునే ధాన్యము ఆరబోయుదురు. ఎండుగింజలు చక్రము క్రింద గోలీలవలె దొర్లును, తడిసిన గడ్డి సబ్బువలె జారును. ట్రాక్టర్లు చేలనుండి తెచ్చి విడిచిన మన్ను తొలి జల్లుకే అడుసగును. చలిదేశపువారికి మంచు ఎట్టిదో మనకు ఇది అట్టిది.

నీటిపై టైరు చేయు పనిని కొంచెము లెక్కకట్టి చూతము. టైరు వెడల్పు 18 సెంటీమీటర్లనుకొనుడు. రోడ్డుపై నీరు 3 మిల్లీమీటర్లు నిలిచినదనుకొనుడు. కారు గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవుచున్నదనుకొనుడు. అప్పుడు ఒక్కొక్క ముందుచక్రము సెకనుకు సుమారు 12 లీటర్ల నీటిని ప్రక్కలకు నెట్టవలెను. అనగా రెప్పపాటు కాలములో ఇంచుమించు ఒక బిందెడు నీరు! ఈ నీరు పోవుటకు దారి టైరు మీది గాళ్ళే. క్రొత్త టైరులో ఆ గాళ్ళ లోతు 8 మిల్లీమీటర్ల ప్రాంతమున నుండును. అవి అరిగిపోయినచో నీరు ముందే గుట్టపడి టైరును పైకెత్తును. అప్పుడు చేతిలోని స్టీరింగు తేలికయగును, బ్రేకు పలుకదు, బండి పడవయగును.

ఈ తేలుటను గూర్చి అమెరికా అంతరిక్షసంస్థయైన నాసాలో హార్న్ అను పరిశోధకుడును ఆయన సహచరుడును విమానపు టైర్లపై ప్రయోగములు చేసి 1963లో ఒక లెక్క ప్రకటించిరి. టైరులోని గాలి ఎన్ని పౌనులో దాని వర్గమూలమును 10.35 తో గుణించినచో, ఏ వేగమున టైరు నీటిపై తేలునో మైళ్ళలో వచ్చును. కారు టైరునకు ఇది అచ్చముగా సరిపోదు గాని దారి చూపును. 32 పౌనుల గాలికి 58 మైళ్ళు, అనగా గంటకు 94 కిలోమీటర్లు. గాలి 20 పౌనులకు తగ్గినచో 74 కిలోమీటర్లకే తేలును. గాలి తగ్గినకొలది ఎంత త్వరగా పట్టు తప్పునో చూడుడు.

ఇచ్చట సూర్యలంకకు మాత్రమే చెందిన మాట యొకటి చెప్పవలసియున్నది. ఇసుకలో కారు దిగబడినప్పుడు చక్రములలోని గాలి కొంత తీసివేయుదురు. టైరు వెడల్పుగా పరచుకొని ఇసుకపై తేలికగా నడచును, ఉపాయము మంచిదే. కాని బయటపడిన సంతోషములో గాలి మరల కొట్టింపక అట్లే బాపట్ల మీదుగా ఇంటికి పరుగెత్తువారు కలరు. అంతలో వాన వచ్చినచో పై లెక్క వారికే వర్తించును. ఎండలోనైనను తక్కువ గాలితో వేగముగా పోయిన టైరు ప్రక్కభాగము కాగి పగులును. అసలు సరుగుడుతోటల దాపున బండి నిలిపి నాలుగడుగులు నడచుట నా మట్టుకు ఉత్తమమని తోచును. ఉప్పుగాలి చక్రపు ఇనుమును తినును. తిరిగివచ్చిన నాడే మంచినీటితో కడుగుట మేలు.

మరి గాళ్ళు ఎంత లోతుండవలెను? 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి ప్రకారము కార్లకు 1.6 మిల్లీమీటర్లు, రెండు మూడు చక్రముల బండ్లకు 0.8 మిల్లీమీటర్లు తగ్గరాదు. గాళ్ళలో అక్కడక్కడ చిన్న మెట్లవంటి బొడిపెలుండును. టైరు అరిగి వానితో సమమైనదా, చట్టపు హద్దు వచ్చినదన్నమాట. కాని చట్టము చెప్పినది కనిష్ఠము, క్షేమము కాదు. వాననీటిపై పట్టు 3 మిల్లీమీటర్ల వద్దనే బాగుగా తగ్గుటచే, అప్పుడే మార్చుట మంచిదని తెలిసినవారు చెప్పుదురు. మోటారుసైకిలు విషయమున ఇది మరింత ముఖ్యము. కారు జారినచో లోపలివారికి రేకు డొప్పయైన అడ్డమున్నది. ముందుచక్రము జారిన మోటారుసైకిలువానికి ఏదియు లేదు. భార్యను, బిడ్డను ఎక్కించుకొని తెల్లవారుజామున సముద్రస్నానమునకు పోవువారిలో హెచ్చుమంది మోటారుసైకిళ్ళవారే గదా.

సరే, చలి స్వల్పముగా నుండు ఇతర దేశములలోని మనవారు ఏమి చేయవలెను? దీనికి ఒకే సమాధానము లేదు. కెనడాలోని క్విబెక్‌లో 2008 నుండి చలికాలపు టైర్లు చట్టరీత్యా తప్పనిసరి. అక్కడ ఆలోచనకు తావు లేదు. వాంకూవరు నగరము సముద్రపు ఒడ్డున నుండుటచే మంచు అరుదు. కాని ఊరు దాటి కొండదారి పట్టువారికి అక్టోబరు 1 నుండియే తగిన టైర్లు ఉండవలెనని ఆ రాష్ట్ర నిబంధన. కనుక తాముండు ఊరి వాతావరణమును గాక, తప్పక ప్రయాణము చేయవలసిన దారులలో కెల్ల చెడ్డదారిని చూచి నిర్ణయించుకొనవలెను. ఇల్లు, కచేరీ రెండును ఊరిలోనే ఉన్నవారికి, కొండ-మంచుపువ్వు ముద్ర కలిగి ఏడాది పొడవున వాడదగిన టైర్లు చాలును.

ఖర్చు విషయమున ఒక భ్రమ కలదు. రెండు జతలు కొనినచో ఖర్చు రెండింతలగునని అనుకొందురు. ఒక జత తిరుగునప్పుడు రెండవది అరుగదు గనుక రెండును రెట్టింపు కాలము వచ్చును. అదనపు ఖర్చు మార్పించు కూలియు, దాచు చోటును. అయితే ఈ లెక్క హెచ్చుగా తిరుగు బండికే. కొద్దిగా తిరుగు బండి టైర్లు అరుగకమునుపే ముసలివగును.

అమెరికాలోని డల్లాసు ప్రాంతమున తెలుగువారు చాలమంది కలరు. చలికాలము అచ్చట సాధారణముగా మృదువైనదే. అయినను 2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్ రహదారిపై కనబడని గాజువంటి మంచుపొర పేరుకొని, నూరుకు మించిన బండ్లు ఒకదానిపై ఒకటి పడి ఆరుగురు మరణించిరి. ఏడాదికి ఒకటి రెండు దినములు వచ్చు ఇట్టి గండమునకై నాలుగు టైర్లు కొని దాచవలెనా? అక్కరలేదనియే నా అభిప్రాయము. అట్టి గాజుమంచుపై మేకులు లేని చలికాలపు టైరు కూడ అంతంతమాత్రమే. ఆ దినమున ఇల్లు కదలకుండుటయే చవకయైన ఉపాయము. మన తుపాను దినములకును ఇదియే వర్తించును.

కనుక ఫోను చేసిన బిడ్డకు ఇట్లు చెప్పవచ్చును: "మంచు టైర్లు వద్దు, అమ్మా. కార్తీకము రాకముందే టైర్ల గాళ్ళు కొలిపింతును, గాలి సరిచూపింతును, అరిగినవి మార్పింతును." కొలిపించునప్పుడు టైరు ప్రక్కనున్న నాలుగంకెలను కూడ చూడవలెను. 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము. వెనుక పెట్టెలో పడియున్న అయిదవ టైరును మరువరాదు. మనము స్టెప్నీ అని పిలుచు ఆ మాట, 1904 ప్రాంతమున వేల్స్ దేశపు లనెల్లి పట్టణములో స్టెప్నీ వీధిలోని దుకాణమునుండి వచ్చినది. ఒక్క మైలైనను తిరుగకయే అది మన ఎండకు ఎండి పగుళ్ళువారి యుండవచ్చును. వానలో, చీకటిలో, బాపట్ల చేరకమునుపు దానిని బయటికి తీసినప్పుడు గాని ఆ సంగతి తెలియదు.